లావణ్యంలో ఉప్పు

రామప్ప గుడి చూరు కింద ఒదిగి నిలబడిన నల్లరాతి స్త్రీమూర్తులైన మదనికలను చూసినవారు తరచుగా అనే మాట ‘ఎంత లావణ్యం!’ అని. ఆ మాటలో ఉప్పు ఉందన్న సంగతి అనేవారికీ తట్టదు, వినేవారికీ తట్టదు. లవణం నుంచి పుట్టింది లావణ్యం. ఉప్పదనం అని దాని మొదటి అర్థం. కూరలో ఉప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపలేం. వేయడం మరిచిపోతే మాత్రం మొదటి ముద్దకే తెలిసిపోతుంది. 9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు, కవిత్వంలో మాటల వెనుక స్ఫురించే అర్థాన్ని వివరించవలసి వచ్చినప్పుడు ఈ లావణ్యాన్నే ఆశ్రయించాడు. స్త్రీలో కన్ను, ముక్కు, నడుము అన్నీ లెక్కపెట్టాక కూడా లెక్కకు అందకుండా మెరిసేది లావణ్యమైతే, మహాకవుల వాక్కులో వాచ్యార్థానికి మించి మెరిసేది ధ్వని అన్నాడు.

భారతీయ, పాశ్చాత్య సౌందర్య చింతనలను పోల్చే ప్రసంగాలూ పాఠ్యపుస్తకాలూ చాలావరకు ఒకే పల్లవి పాడతాయి. పాశ్చాత్యులది బాహ్యదృష్టి, మనది అంతర్దృష్టి. వారు దేహాన్ని చెక్కారు, మనం ఆత్మను చెక్కాం. వినడానికి హాయిగా ఉంటుంది, పరీక్షలో రాయడానికి అనువుగా ఉంటుంది. ఓరుగల్లు పరిసరాల్లోని రాళ్లనూ గ్రంథాలనూ పండుగలనూ దగ్గర పెట్టుకుని చూస్తే మాత్రం ఆ పల్లవి నిలబడదు. తేడా ఉంది, పెద్దదే ఉంది. కాకపోతే వెతకవలసిన చోటు వేరు. రెండు సంప్రదాయాలూ సౌందర్యాన్ని గురించి మాట్లాడే భాషను నాలుక దగ్గరే అరువు తెచ్చుకున్నాయి. తెచ్చుకున్నాక ఒకటి వంటింట్లోనే ఉండిపోయింది. రెండోది చేతులు కడుక్కుని బయటకు వెళ్లిపోయింది.

రసమంటే ఏమిటన్న ప్రశ్నకు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయం ఇచ్చే జవాబు ఒక్క మాట: ఆస్వాదించదగినది కనుక రసం. ఆ వెంటనే వచ్చే ఉదాహరణ పొయ్యి మీదిదే. రకరకాల దినుసులు, ఆకులు, బెల్లం వంటివి కలిసి ఉడికితే వాటిలో ఏ ఒక్కదానిదీ కాని రుచి పుడుతుంది. అలాగే విభావాలు (భావాన్ని రేపే కారణాలు), అనుభావాలు (దాన్ని బయటపెట్టే చేష్టలు), వ్యభిచారి భావాలు (మధ్యలో వచ్చిపోయే భావాలు) కలిసినప్పుడు రసం నిష్పన్నమవుతుంది. దినుసు ఉంటే చాలదు, ఉడకాలి. ఉడికితే చాలదు, తినేవాడు కావాలి. తినేవాడు కూడా మనసు కుదుటపడినవాడై ఉండాలి. నాట్యశాస్త్రకర్త భరతుడు వాడిన మాట ‘సుమనసులు’. తర్వాతి కాలంలో కాశ్మీర తత్త్వవేత్త అభినవగుప్తుడు ఈ అనుభవాన్ని రసచర్వణ అన్నాడు. చర్వణ అంటే నమలడం. ఇంత గంభీరమైన తత్త్వవేత్త నమలడం అన్న మాటకు సిగ్గుపడలేదు.

ఈ వంటింటి భాష కాశ్మీరంలో ఆగిపోలేదు. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు రాసిన అలంకారశాస్త్రం ‘ప్రతాపరుద్రీయం’ కావ్యపాకాలను గురించి మాట్లాడుతుంది. లోపలా బయటా రసం తొణికితే ద్రాక్షాపాకం, చిప్ప పగలగొడితే తప్ప అందకపోతే నారికేళపాకం. తెలుగు తరగతి గదుల్లో ఈ రెంటికీ మధ్య కదళీపాకం కూడా చేరి, ఈనాటికీ కష్టమైన పద్యాన్ని చూడగానే ‘ఇది నారికేళపాకం’ అనే అలవాటు మిగిలింది. పాకం అంటేనే వంట, పండటం. కావ్యం బాగుందా లేదా అన్న తీర్పు కంటే అది ఏ పదునుకు వచ్చింది, ఎలా తినాలి అన్న ఆరా ఇక్కడ ముందు వస్తుంది.

ఐరోపా కథ వేరే చోట మొదలవుతుంది. ప్లేటో ‘రిపబ్లిక్’ పదో భాగంలో మంచం ఉదాహరణ ఉంది. మంచం అనే భావం అసలుది. వడ్రంగి చేసేది దానికి నకలు. చిత్రకారుడు గీసేది నకలుకు నకలు. సత్యానికి అంత దూరంలో ఉన్నదాన్ని నమ్మడం ఎలా అన్నది ఆయన ఆందోళన. శిష్యుడు అరిస్టాటిల్ అనుకరణను మనిషికి పుట్టుకతో వచ్చిన గుణంగా, నేర్చుకునే ఆనందంగా చూసి ఆ ఆందోళనను కొంత చల్లార్చాడు. అనుకరణ గొడవ ఇక్కడా లేకపోలేదు. నటుడిలో రాముణ్ణి చూడటం ఏ రకమైన ఎరుక అన్న ప్రశ్నకు ఆలంకారికుడు శంకుకుడు గుర్రం బొమ్మను ముందుకు తెచ్చాడు. బొమ్మను చూసి ‘ఇది గుర్రం’ అంటాం. ఆ ఎరుక నిజం కాదు, అబద్ధమూ కాదు, సందేహం కాదు, పోలికా కాదు. కళ ముందు మాత్రమే పుట్టే ప్రత్యేకమైన ఎరుక అది. అభినవగుప్తుడి గురువు భట్టతౌతుడు ఈ వాదాన్ని చీల్చి చెండాడాడు, అది వేరే సంగతి. ప్లేటో మంచాన్నీ శంకుకుడి గుర్రాన్నీ పక్కపక్కన పెడితే ఒకటి తెలుస్తుంది. మొదటి ఆయన బొమ్మను సత్యం ముందు నిలబెట్టి విచారిస్తున్నాడు. రెండో ఆయన బొమ్మ చూసేవాడి తలలో ఏం జరుగుతోందని అడుగుతున్నాడు.

ఐరోపాలో ఆ రెండో ప్రశ్న గట్టిగా వినిపించడానికి 18వ శతాబ్దం రావలసి వచ్చింది. బామ్‌గార్టెన్ 1735లో ఈ చింతనకు ‘ఈస్థటిక్స్’ అన్న పేరు పెట్టాడు. అప్పటికే ఆ ఖండమంతటా ‘టేస్ట్’ అన్న మాట చర్చల్లో నలుగుతోంది. మనం కూడా దాన్ని అభిరుచి అనే అనువదించుకున్నాం. 1757లో స్కాటిష్ తత్త్వవేత్త హ్యూమ్ రాసిన వ్యాసంలో డాన్ క్విక్సోట్ నవల నుంచి తీసుకున్న ముచ్చట ఒకటి ఉంది. ఒక పీపాలోని ద్రాక్షసారాను ఇద్దరు రుచి చూస్తారు. సరుకు మంచిదే, కాస్త తోలు వాసన తగులుతోందని ఒకరు, ఇనుము వాసన తగులుతోందని మరొకరు అంటారు. అందరూ నవ్వుతారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలుపట్టీ కట్టిన తాళంచెవి దొరుకుతుంది. మంచి రసికుడి నాలుక అంత సూక్ష్మంగా ఉండాలని హ్యూమ్ భావం. సహృదయుణ్ణి, అంటే కళను ఆస్వాదించగల మనసున్నవాణ్ణి గురించి మన ఆలంకారికులు చెప్పినదానికి ఇది దగ్గరి చుట్టమే. అయితే హ్యూమ్ కథలో రుచి చూడటం రుజువుతో ముగుస్తుంది. తాళంచెవి దొరకాలి. భరతుడి విందులో తాళంచెవి ఉండదు, తృప్తి ఉంటుంది.

జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1790లో ఈ నాలుక వ్యవహారాన్నే తెంచేశాడు. ద్రాక్షసారా నచ్చినవాడు ‘నాకు బాగుంది’ అనాలి తప్ప ‘ఇది సుందరం’ అనకూడదు. నాలుక ఇష్టం ఎవరిది వారిది. సుందరం అన్నప్పుడు మాత్రం అందరి సమ్మతినీ కోరుతున్నాం. పారిస్ వెళ్లిన ఇరొక్వా తెగ నాయకుడికి ఆ నగరంలో తినుబండారాల దుకాణాలు తప్ప మరేవీ నచ్చలేదన్న ముచ్చటను కాంట్ తన గ్రంథం మొదట్లోనే తెస్తాడు. ఆ నాయకుడి జవాబు సౌందర్యానికి సంబంధించిన జవాబే కాదని ఆయన ఉద్దేశం. నాట్యశాస్త్రం చదివినవాడికి ఆ నాయకుడి మీద కాస్త జాలి కలగవచ్చు. ఎవరికి తెలుసు, ఆ రోజు పారిస్‌లో నిజంగా వండినది అదొక్కటే కావచ్చు.

కాంట్‌ను వెక్కిరించి వదిలేయడం సులువు, అన్యాయం కూడా. ఆయన నాలుకను పక్కన పెట్టింది కోరికను పక్కన పెట్టడానికి. పండును తినాలనిపించడం వేరు, పండు రూపం ముందు ఆగిపోవడం వేరు. ఆ ఆగిపోవడంలో స్వార్థం ఉండదు, కనుకనే అది పదిమందికీ చెందుతుందని ఆయన వాదం. అభినవగుప్తుడు కూడా దాదాపు ఈ గుమ్మం దాకా వస్తాడు. తనకు ముందటి ఆలంకారికుడు భట్టనాయకుడి నుంచి తీసుకున్న సాధారణీకరణం అన్న భావన చెప్పేది ఇదే. రంగస్థలం మీది శోకం నాది కాదు, పక్కవాడిది కాదు, రాముడనే ఆ ఒక్క మనిషికి పరిమితమైనదీ కాదు. ఎవరిదీ కాకుండా పోవడం వల్లనే అది అందరూ రుచి చూడగలిగేది అవుతుంది. ‘నాది’ అన్న పిడికిలి సడలడం ఇద్దరికీ కావాలి. సడలిన తర్వాత ఏమి మిగులుతుందన్న దగ్గర ఇద్దరూ విడిపోతారు. కాంట్ దగ్గర రూపం మిగులుతుంది, రూపం మీద కల్పనాశక్తి, బుద్ధి కలిసి ఆడే ఆట మిగులుతుంది. ఉద్వేగం మిగిలితే అది అభిరుచి ఇంకా మొరటుగా ఉందనడానికి గుర్తు. అభినవగుప్తుడి దగ్గర మిగిలేది ఉద్వేగమే. శోకం శోకంగానే ఉంటుంది, యజమాని మాత్రం ఉండడు.

ఆ స్థితికి చేరడానికి అడ్డుపడే విఘ్నాలను అభినవగుప్తుడు ఏడుగా లెక్కపెట్టాడు. వాటిలో ఒకటి చాలా ఇంటి విషయంలా ఉంటుంది: ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగి ఉండటం. అప్పు తీర్చవలసినవాడు, కూతురి పెళ్లి కుదరనివాడు, పొద్దున్నే పొలం దగ్గర తగాదా పడినవాడు నాటకానికి వస్తాడు. అతడికి రసం ఎలా ఎక్కుతుంది? దానికి విరుగుడుగానే పాట, వాద్యం, మండపం అలంకారం ఏర్పాటు చేశారంటాడు. వాటి వల్ల హృదయం లేనివాడికి కూడా హృదయం తేటపడి సహృదయుడవుతాడట. సహృదయుడు పుట్టుకతో రానక్కరలేదు, ఆ రాత్రికి ఆ చోట తయారు కావచ్చు. ఐనవోలు మల్లన్న జాతరలోనో కొమురవెల్లిలోనో ఒగ్గు కథ మొదలయ్యే ముందు డోళ్లు మోగే తీరు చూసినవారికి ఈ వాక్యానికి వ్యాఖ్యానం అక్కరలేదు. కథలో ఒక్క మాట పడకముందే డోలు వినేవాడి గుండెలోని సొంత గోలను తోసేసి చోటు ఖాళీ చేస్తుంది. ఆ డోలు కాంట్ తూకంలో వట్టి ఆకర్షణ. అభినవగుప్తుడి తూకంలో అది వంటకు ముందు గిన్నె తోమడం వంటిది.

అలంకారం దగ్గర ఈ తేడా మరింత స్పష్టంగా కనబడుతుంది. కాంట్ అలంకారాలకు ఉదాహరణలుగా మూడింటిని చెప్పాడు: పటానికి చట్రం, విగ్రహానికి వస్త్రం, భవనం చుట్టూ స్తంభాల వరుస. వాటి ఆకారం బాగుంటే అభిరుచి తృప్తి పెరగవచ్చు గానీ అవి అసలు వస్తువులో భాగం కావు, బయటి నుంచి చేరినవి. హనుమకొండలో 1163 నాటి రుద్రదేవుడి గుడిని జనం శివుడి పేరుతో కాక వెయ్యిస్తంభాల గుడి అని స్తంభాల పేరుతోనే పిలుస్తారని ఆయనకు తెలిసే అవకాశం లేదు. అలంకారం అన్న సంస్కృత పదంలో ‘అలం’ అంటే చాలు. అలంకరించడం అంటే చాలినంతగా చేయడం, వెలితి తీర్చడం. కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి ఆభరణాన్ని గురించి రాస్తూ ఈ వ్యుత్పత్తిని పట్టుకున్నాడు. నగలు తీసేస్తే మిగిలేది అసలు మనిషి అని ఒకరు అనుకుంటే, నగలు లేనిదే మనిషి పూర్తి కాదని మరొకరు అనుకున్నారు. అందమైన ముఖమైనా భూషణం లేకపోతే ప్రకాశించదని తొలి ఆలంకారికుల్లో ఒకడైన భామహుడు తేల్చేశాడు. దానికి ఇక్కడే ఎదురు మాట పుట్టింది. తర్వాతి ఆలంకారికుడు మమ్మటుడు ఎప్పుడైనా అలంకారం లేకున్నా కావ్యం కావ్యమేనన్నాడు. భారతీయ దృక్పథం అని ఏకవచనంలో మాట్లాడేవారు మరిచిపోయేది ఈ ఇంటి పోట్లాటలనే.

జర్మన్ తత్త్వవేత్త హెగెల్‌కు ఈ అలంకార సమృద్ధి అసలే మింగుడు పడలేదు. 1820ల నాటి ఉపన్యాసాల్లో ఆయన భారతీయ కళను ప్రతీకాత్మక దశలో పెట్టాడు. భావానికి తగిన రూపం దొరకక చేతులు, తలలు పెంచుకుంటూ పోయిన కళ అని ఆయన అభిప్రాయం. 1910లో లండన్‌లో భారతీయ కళను సమర్థించే హావెల్ ప్రసంగం జరిగిన సభలో జార్జ్ బర్డ్‌వుడ్ ఇంకో అడుగు వేసి, జావా నుంచి వచ్చిన బుద్ధుడి బొమ్మ ఫోటోను చూపి కొవ్వు వేసి ఉడికించిన పుడ్డింగుతో పోల్చాడు. నాలుకకూ సౌందర్యానికీ సంబంధం లేదని నూటయిరవై ఏళ్లు చదువుకున్న సంప్రదాయం, తిట్టవలసి వచ్చేసరికి మళ్లీ వంటింట్లోకే పరుగెత్తింది! రోథెన్‌స్టైన్ మొదలైన కళాకారులు ఆ మాటను పత్రికాముఖంగా ఖండించారు. భారతీయ కళను పరిచయం చేసే ఇండియా సొసైటీ అలా పుట్టింది.

ఆ అవమానానికి జవాబుగా హావెల్, కుమారస్వామి వంటివారు నిలబెట్టిన వాదం ఎంత మేలు చేసిందో అంత చిక్కు కూడా తెచ్చింది. భారతీయ శిల్పి కంటితో చూసి చెక్కడు, ధ్యానంలో చూసి చెక్కుతాడు అన్నారు. దేవత రూపాన్ని వర్ణించే ధ్యానశ్లోకాలను బట్టి దేవతామూర్తులను చెక్కడం నిజమే. కానీ ఆ ఒక్క నిజాన్ని సాగదీసి కళ అంతటినీ యోగం చేశారు. పల్లవి పుట్టింది అక్కడే. రామప్ప మదనికల్లో ఒకామె ఎత్తు మడమల పాదరక్షలతో నిలబడి ఉంటుంది. ఆమె ఏ ధ్యానశ్లోకం నుంచి దిగివచ్చిందో చెప్పడం కష్టం. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిలో శిల్పి కళ్లు బాగా తెరుచుకునే ఉన్నాయి. గోడల ఎర్రటి ఇసుకరాయి మీద నల్లరాయి ఎలా పలుకుతుందో, సన్నగా సాగిన దేహాలు చూరుకు ఏటవాలుగా నిలిచినప్పుడు కింద నుంచి చూసే కంటికి ఎలా అందుతాయో అతడు లెక్కవేశాడు. కొలతలు గ్రీకుల సొత్తు అన్న మాట కూడా అంతే. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో పాలిక్లెయిటస్ దేహభాగాల నిష్పత్తి మీద గ్రంథం రాస్తే, మన శిల్పశాస్త్రాలు ముఖం పొడవును తాళంగా తీసుకుని దశతాళం, నవతాళం అంటూ వేళ్ల లెక్కన కొలిచాయి. కామసూత్ర వ్యాఖ్యాత యశోధరుడు చెప్పిన చిత్ర షడంగాల్లో రెండోది ప్రమాణం. నాలుగోది లావణ్యయోజనం. కొలత అయ్యాక ఉప్పు.

ఇంకో మాట ఒప్పుకోవాలి. రససిద్ధాంతం నాటకానికి పుట్టి కావ్యానికి పెరిగింది. రాతికి దాన్ని అన్వయించడం చాలావరకు ఆధునికుల పని. మదనికను చూసి శృంగార రసం అనడం వల్ల ఆమెను గురించి కొత్తగా తెలిసేది తక్కువ. ఆమెకు దారి నాట్యం గుండా పోతుంది. విష్ణుధర్మోత్తర పురాణంలో వజ్రుడనే రాజు ప్రతిమాలక్షణం (విగ్రహాలు చేసే పద్ధతి) చెప్పమంటే మార్కండేయుడు చిత్రం తెలియనిదే ప్రతిమ తెలియదంటాడు. చిత్రానికి నృత్యం, నృత్యానికి వాద్యం, వాద్యానికి గీతం తెలియాలంటాడు. ఈ గొలుసుకు రామప్ప కంటే మంచి సాక్ష్యం దొరకదు. గణపతిదేవుడి గజసేనాని జాయప 1253–54 ప్రాంతంలో ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఆ గ్రంథాన్నీ గుడి శిల్పాలనూ కలిపి చదివి 20వ శతాబ్దంలో నటరాజ రామకృష్ణ పేరిణి శివతాండవం అనే నృత్యాన్ని మళ్లీ నిలబెట్టారు. రాయి నుంచి నృత్యాన్ని చదవగలిగారంటే ఆ రాయి నృత్యం నుంచి వచ్చింది కనుకనే. శిల్పం, చిత్రం, సంగీతం దేనికదే వేరు గదిలో కూర్చోవడం మ్యూజియం కాలపు అలవాటు.

జాయప గ్రంథంలో ఇంకా విలువైనది దాని కొలత. ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు మార్గానికి, నాలుగు దేశికి. మార్గం శాస్త్రం చెప్పినది. దేశి ఆయా ప్రాంతాల జనానికి నచ్చి, వారి మధ్య ఆడుతూ ఉన్నది. ఏనుగుల దళాన్ని నడిపే సేనాని జనం ఆడే ఆటలకు గ్రంథంలో సగం చోటు ఇచ్చాడు. పాలకుర్తి సోమనాథుడు శివకవిత్వానికి సంస్కృత వృత్తాలను కాదని ద్విపదను, తేటతెలుగు అయిన జానుతెనుగును ఎంచుకున్నది కూడా ఈ నేల మీదే. అందరికీ అందుతుందన్నది ఆయన చెప్పిన కారణం. ఇది కేవలం భాషాభిమానం కాదు, సౌందర్యశాస్త్రంలో తీసుకున్న పక్షం. దీనికి సరిగ్గా ఎదురుగా విద్యానాథుడు ఉన్నాడు. ఆయన ఉదాహరణ శ్లోకాలన్నీ ప్రతాపరుద్రుడి స్తుతులే. గ్రంథం నాయకుడితో మొదలవుతుంది, ఎందుకంటే నాయకుడి గొప్పతనం వల్లనే కావ్యానికి గొప్పతనం. దోషం, గుణం, అలంకారం ఏది నేర్చుకున్నా విద్యార్థి నోట రాజు పేరే పలుకుతుంది. మల్లినాథుడి కుమారుడు కుమారస్వామి దానికి వ్యాఖ్య రాశాడు, పండితులు తరతరాలు చదివారు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. భూషణం మిగిలింది, ధరించినవాడు పోయాడు. మన సౌందర్యశాస్త్రం కేవలం ఆధ్యాత్మికం అనేవారు ఈ పుస్తకాన్ని ఎక్కడ సర్దుతారో తెలియదు. తర్వాతి శతాబ్దంలో బమ్మెర పోతన తన కావ్యాన్ని రాజులకు ఇవ్వననడం వెనుక ఈ చరిత్ర కూడా ఉంది.

పడమటివారి వైపు బలం ఎక్కడుందో చెప్పకపోతే పోలిక ఒంటికాలి నడక అవుతుంది. ప్రకృతి సౌందర్యం వారి బలం. కాంట్ పువ్వుతో మొదలుపెడతాడు. పువ్వు స్వేచ్ఛాసౌందర్యం, అది ఏమిటో, ఎందుకో వృక్షశాస్త్రజ్ఞుడికి తెలిసినా అందం చూసేటప్పుడు ఆ తెలివిని పక్కన పెడతాడు. సంస్కృత ఆలంకారికుల దగ్గర పువ్వుకు సొంత ఇల్లు లేదు. వెన్నెల, కోకిల, వసంతం అన్నీ ఉద్దీపన విభావాల కిందికి వస్తాయి. ప్రేమికుల కోసం వెలిగించిన దీపాలు. కావ్యాల్లో ప్రకృతి వర్ణనలు కుప్పలుగా ఉన్నా శాస్త్రంలో కొండను కొండగా చూసినవారు అరుదు. భీకరమైన ప్రకృతి ముందు మనిషి కుంచించుకుపోయి తిరిగి తన బుద్ధిబలాన్ని గుర్తుపట్టే అనుభవాన్ని కాంట్ ఉదాత్తం అన్న పేరుతో విడిగా విశ్లేషించాడు. మన అద్భుత రసం దాని పొలిమేరలో ఉంది తప్ప ఊళ్లోకి రాలేదు.

ఆ విశ్లేషణలోనే కాంట్ యూదుల ధర్మశాస్త్రంలోని ‘విగ్రహం చేయకూడదు’ అన్న ఆజ్ఞకు మించిన ఉదాత్త వాక్యం లేదంటాడు. రూపం లేనిచోట కల్పన పరిధి దాటుతుంది. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు విగ్రహాలు లేవు. రెండేళ్లకోసారి మాఘమాసంలో చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో సమ్మక్క గద్దెకు వస్తుంది. చూడటానికి చెక్కిన రూపం లేకపోయినా లక్షల మంది కదిలిపోతారు. కాంట్ ఇక్కడ అభినవగుప్తుడి కంటే బాగా పనికివస్తాడనిపిస్తుంది, కొంత దూరం వరకు. ఆ తర్వాత భక్తులు తమ ఎత్తు బెల్లం తూచి గద్దె మీద సమర్పిస్తారు. ఆ బెల్లాన్ని వారు బంగారం అంటారు. నాలుకను దాటి ఉదాత్తం దాకా వెళ్లిన సిద్ధాంతి అక్కడ తిరిగి తీపిని ఎదుర్కోవాలి.

చేర్యాల పటం ఇంకో రకం చిక్కు. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి ఎర్రని నేపథ్యం మీద నకాశీలనే చిత్రకారులు గీసిన ఆ పొడవాటి పటం మొదట గోడకు వేలాడదీయడానికి పుట్టలేదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారి వంటి కథకులు వరుస వెంట వరుస విప్పుతూ, చూపుతూ, పాడుతూ వాడేది. బొమ్మ సగం, గొంతు సగం. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయేది పటంలోని ఒక్క గడి. దానికి చట్రం కట్టి బైఠక్ గదిలో పెడతారు. కాంట్ బయటిదన్న చట్రమే ఇప్పుడు దాన్ని కళ చేస్తోంది. నకాశీల ఇళ్లలో పొయ్యి వెలగడానికి ఆ గడే ఆధారం కనుక దీన్ని పతనం అని ఊరికే అనలేం. అయితే మారినది బొమ్మ పరిమాణం మాత్రమే కాదని గమనించాలి. కథ వినేవాడు పోయి చూసేవాడు మిగిలాడు.

1746లో ఫ్రాన్సులో బాత్తో లలితకళలను ఒక సూత్రం కింద గుదిగుచ్చినప్పుడు సంగీతం, కవిత్వం, చిత్రం, శిల్పం, నాట్యం వచ్చాయి. వంట రాలేదు, పూలు పేర్చడం రాలేదు. వాత్స్యాయనుడి 64 కళల జాబితాలో గీతం, వాద్యం, నృత్యం పక్కనే బియ్యంతో పూలతో ముగ్గులు తీర్చడం ఉంది, కూరలూ భక్ష్యాలూ చేయడం ఉంది. ఆ జాబితాను చూసి క్రమం లేదని నవ్వినవారు ఉన్నారు. బతుకమ్మ మొదలయ్యే భాద్రపద అమావాస్య సాయంత్రం వెయ్యిస్తంభాల గుడి ఆవరణలోకి వెళితే ఆ జాబితా ఎంత క్రమంగా ఉందో అర్థమవుతుంది.

తంగేడు, గునుగు, కట్ల, బంతి పూలు తాంబాళంలో వలయాలుగా లేస్తాయి. తెల్లని గునుగుకు రంగులద్దుతారు. శిఖరాన పసుపు గౌరమ్మ. పేర్చడంలో లెక్క ఉంది, ఎవరిది ఎత్తుగా వచ్చిందో చూసే ఓరచూపు ఉంది, హ్యూమ్ ముచ్చటలోని రసికుల వంటి పెద్దమ్మలు పక్కన నిలబడి ‘కొంచెం వంగింది’ అని తేల్చడం ఉంది. పాటల్లో అత్తింటి బాధలు, చావులు, చెరువులో కలిసిన ఆడబిడ్డలు. ఏ ఒక్కరిదీ కాని ఆ శోకానికి అందరూ చప్పట్లు కలుపుతారు. ఇక్కడ ప్రేక్షకురాలు ఎవరు? పేర్చినవారే పాడతారు, పాడినవారే తిరుగుతారు. కాంట్ తీర్పు చెప్పాలన్నా, అభినవగుప్తుడు రుచి చూడాలన్నా కూర్చోవడానికి ఒక ఆసనం కావాలి. ఈ వలయంలో ఆసనం లేదు. కొమురవెల్లిలో పంచరంగుల పొడులతో గంటల తరబడి వేసిన పెద్దపట్నాన్ని చివరికి తొక్కినట్టే, దీన్నీ చెరువులో వదులుతారు. భద్రపరచడం అన్న ఆలోచనే రాదు.

రోజుల పేర్లు చూడండి. మొదటిది ఎంగిలిపూల బతుకమ్మ; ఆ ఎంగిలికి కారణాలు ఇంటికొకటి చెబుతారు. తర్వాత అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. ఆపైన వేపకాయలు, వెన్నముద్దలు. పూల పండుగకు రోజుల పేర్లన్నీ తిండి పేర్లే, అలక ఒక్కటి తప్ప. తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ. పద్మాక్షి గుట్ట కింద చెరువులోకి పూలు ఊగుతూ వెళ్లిపోయాక గట్టు మీద గిన్నెల మూతలు తెరుచుకుంటాయి. పెరుగు సద్ది, చింతపండు సద్ది, నువ్వుల సద్ది ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళతాయి. ఉప్పు సరిపోయిందా అని ఎవరో అడుగుతారు.